ఎవరూ లేరండి

మంగళవారం. తొమ్మిది బిందెలు తోడాను, పప్పు రుబ్బాను, మాగాయ ముక్కలు ఎండలో పెట్టాను. అప్పుడొచ్చి చెప్పింది పాలావిడ, పక్కింటి టీచరు గారు తెల్లవారుజామున పోయారని. తర్వాత చేసిన పనులేవీ గుర్తులేవు.

తిరువూరులో ఆమె దగ్గర చదువుకోనివాళ్ళు తక్కువ. రిటైరయ్యాక నాకు చదువు చెప్పారు. నాకప్పుడు ముప్ఫై ఎనిమిదేళ్ళు. ప్రైవేటుగా మెట్రిక్ రాయాలని ఉండేది. తెప్పించుకున్న ఫారం మాత్రం నింపకుండా బియ్యం డబ్బా మీద పెట్టి ఉంచాను. మా వారిని అడగడానికి నోరు రాలేదు.

రోజూ మధ్యాహ్నం మా వంటింట్లో కూర్చుని, నాతోపాటు బియ్యంలో రాళ్ళేరుతూ, రోజుకొక ఇంగ్లీషు మాట చెప్పేవారు. ఒకరోజు పెనుగొలను నుంచి, ఎరువుల వ్యాపారం చేసే మా వారి కోసం ఒక రైతు వచ్చి వీధిలోంచి కేకేశాడు.

"ఇంట్లో ఎవరున్నారండీ?"

"ఎవరూ లేరండి," అన్నాను తలుపు చాటు నుంచి. అతను వెళ్ళిపోయాడు.

టీచరు గారు కళ్ళజోడు తీశారు. "మరి నేనిందాకట్నుంచి ఎవరితో మాట్లాడుతున్నానమ్మాయ్?"

"మగవాళ్ళు లేరని అండి. అందరం అలాగే అంటాం కదా."

"మా అమ్మా అలాగే అనేది," అని పలక అందుకున్నారు. "ఇవాళ్టి మాట ఇదే. నోబడీ."

"బాడీ అంటే ఒళ్ళు కదండీ?"

"పూర్వం ఇంగ్లీషువాళ్ళు మనిషిని కూడా బాడీ అనేవాళ్ళు. నో, బాడీ అని రెండు మాటలుగా రాసేవాళ్ళు, తర్వాత కలిసిపోయాయి. ఒక్క మనిషీ లేరని అర్థం. ఏదీ, వాక్యం రాయి."

'నోబడీ ఈజ్ ఎట్ హోమ్' అని రాశాను.

"వాక్యంలో తప్పు లేదు. చెప్పిందే అబద్ధం," అన్నారు. బియ్యం డబ్బా వైపు చూసి, "ఆ ఫారం నింపేవాళ్ళు ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె వెళ్ళాక నాకు నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం ఫారం మా వారి ముందు పెట్టాను.

"పిల్లల మధ్యన కూర్చుంటావా?"

"కూర్చుంటానండి."

ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు. "నా సంతకం ఎక్కడ?"

"మీది అక్కర్లేదటండి. నాదే."

పరీక్షకు టీచరు గారు నల్ల గొడుగు వేసుకుని నాతో నడిచి వచ్చారు. ఇంటికి వెళ్ళిపొమ్మంటే తలూపారు. రాస్తూ రాస్తూ కిటికీలోంచి చూస్తే ప్రహరీ గోడ అవతల ఆ నల్ల గొడుగు కనిపించింది. మండే ఎండ. గంట కొట్టేదాకా ఆ గొడుగు నీడ కోసం వెతుక్కుంటూ కొంచెం కొంచెంగా జరిగిందే కానీ, కనుమరుగు కాలేదు.