కిలుం పట్టిన బంగారు సూదులు

వెంకటేశయ్య శెట్టిగారికి దేవుడి మీద నమ్మకం ఉంది కానీ, గుడి బయట రెండు చెప్పులూ ఒకేచోట విడిచేంత నమ్మకం లేదు. ఒకటి ఈ మూల, ఇంకోటి ఆ మూల విడిచి లోపలికి వెళ్తాడు. రాబర్ట్‌సన్‌పేట బజారులో, కోలారు బంగారు గనుల పక్కనే, ఆయన బియ్యం, పప్పుబేడల అంగడి నేను పుట్టకముందు నుంచీ ఉంది. మూట కొనేటప్పుడు మూతి దగ్గరి గింజలు చూడడు. ఇనుప గొట్టం అడుగుదాకా గుచ్చి, లోపలి గింజలు అరచేతిలో పోసుకుంటాడు. ఆ తర్వాత మూట కుట్టు తడుముతాడు. విప్పి మళ్ళీ కుట్టినదైతే వేలికే తెలిసిపోతుంది. తనకూ వచ్చిన విద్య కాబట్టే తెలుస్తుందని వాళ్ళావిడ భాగీరథమ్మ అంటుంది.

ఆయన కూతురు దీపశ్రీ స్కానింగ్ డాక్టరు. అంగడి సగానికి గోడ కట్టి ఆమెకు సెంటరు చేసిచ్చాడు. ముందు బల్ల దగ్గర కూర్చుని పేర్లు రాసుకునేదాన్ని నేను, సుగటూరు ప్రేమను. చేరిన కొత్తలో సాయంత్రం ఇంటికి బయల్దేరితే శెట్టిగారు నా టిఫిన్ డబ్బా వైపే చూసేవాడు. ఆ డబ్బాలో స్కానింగ్ మిషను పట్టదని ఎవరైనా ఆయనకు చెప్పాల్సింది.

మిషను గ్యారంటీ అయిపోయాక, సర్వీసు కాంట్రాక్టు మాట్లాడడానికి కంపెనీ ఇంజనీరు శశి వచ్చాడు. కామసముద్రం పిల్లవాడు, సేద్యం చేసుకునే ఇంటివాడు. నెమ్మదిగా మాట్లాడతాడు. అంత నెమ్మది శెట్టిగారికి మొదటే నచ్చలేదు.

"అన్నీ మేమే చూసుకుంటాం శెట్రే. లోపలి బోర్డులు, స్క్రీను, ప్రోబు, అన్నీ దీంట్లో వస్తాయి."

"అన్నీ అంటే ఏమేమి? నేనూ మూట అంతా మంచి బియ్యమే అని చెప్పి అమ్ముతాను."

ప్రోబంటే కడుపు మీద పెట్టి తిప్పే పిడి. అది లేకపోతే మిషనుకు కళ్ళు లేనట్టే. చాలా కాంట్రాక్టుల్లో దాన్ని కలపరనీ, కొన్నిట్లో మనిషి వచ్చి చూసి పోవడమే తప్ప సామాను ఇవ్వరనీ, దీంట్లో మాత్రం ప్రోబు కూడా ఉందనీ శశి ఓపికగా చెప్పాడు.

"మీ చేతిలో పాడైతే మాత్రం మాకు సంబంధం ఉండదు. కింద పడినా, నీళ్ళు పోయినా, మేము చెప్పనిది ఏదైనా పెట్టి తుడిచినా, ఎలక వైరు కొరికినా."

"ఎలక నా చెయ్యి ఎట్లయితాది?"

అంతే. ఆ మధ్యాహ్నమంతా ఎలకల మీదే నడిచింది. పక్కనే బేడల అంగడి ఉండాది, ఎలకలు యాడికి పోతాయి అని ఈయన. కంపెనీ ఒప్పుకోదు శెట్రే అని అతను. చివరికి దీపశ్రీ విసుక్కుని సంతకం పెట్టేసింది. ఎలకల విషయంలో తనను మోసం చేశారని శెట్టిగారు నెలల తరబడి చెప్పుకున్నాడు. ఎలకకు ముందు శశి చెప్పిన మాటలు ఆయన చెవిలో పడ్డాయో లేదో నాకు అనుమానమే.

ఆరోజే శశి ప్రోబును మిషను నుంచి ఊడదీసి, మిషనులోకి దూరే దాని మొన చూపించాడు. సన్నటి సూదులు వరసగా పచ్చగా మెరిశాయి. శెట్టిగారు కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"బంగారమా?"

"బంగారమే శెట్రే. తుప్పు పట్టకుండా."

తాతల నాటి నుంచి గనుల్లో దిగేవాళ్ళకు బియ్యం అమ్మి బతికిన ఇల్లు అది. ఈ ఊళ్ళో బంగారం మాట వింటే ఎవరైనా కాసేపు ఆగుతారు. శెట్టిగారికి మిషను మీద గౌరవం, శశి మీద అనుమానం ఒకేసారి పెరిగాయి.

దీపావళి దాటాక స్కానింగ్ బొమ్మలో నల్ల చారలు మొదలయ్యాయి. కొన్నాళ్ళకు బిడ్డ తల ఏదో, చార ఏదో తెలియకుండా పోయింది. పల్లెల నుంచి వచ్చిన గర్భిణీలను కోలారు బస్సు ఎక్కించి పంపాల్సి వచ్చింది. శశి వచ్చి ప్రోబు ఊడదీశాడు. సూదులకు ఆకుపచ్చటి కిలుం పట్టి ఉంది.

"ఎవరన్నా దీనికి నీళ్ళు తగిలించినారా?"

"ఎవరు ముట్టుకుంటారు? తాళంచెవి నా మొలలో ఉండాది." శెట్టిగారు ఆ సూదుల్ని వంగి చూశాడు. "బంగారానికి కిలుం పట్టింది నేను యాడా చూడలేదప్పా. ఇది మా ప్రోబు కాదు."

"నంబరు చూడండి శెట్రే, అదే నంబరు."

"నంబరు చీటీ పీకి అంటించేదానికి ఎంతసేపు? కుట్టు విప్పి కుట్టేవాళ్ళను నేను చూడలేదా? పోయిన తూరి నువ్వు వచ్చినప్పుడు నేను కాఫీకి పోయినాను. అప్పుడు నువ్వు ఒక్కడివే ఉండావు." తలుపుకు అడ్డం నిలబడ్డాడు. "సంచీ తెరువు."

బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్ళందరూ చూస్తున్నారు. శశి సంచీ తెరిచాడు. స్క్రూడ్రైవర్లు, వైర్లు, సగం తిన్న చపాతీల డబ్బా, వాళ్ళమ్మ పిల్లమ్మకు కొన్న మోకాలి నొప్పుల తైలం. శెట్టిగారు తైలం సీసా మూత కూడా తీసి వాసన చూశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. శశి ఒక్కొక్కటే మళ్ళీ సంచీలో సర్దుకున్నాడు. జిప్ వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే శెట్టిగారు కంపెనీకి ఫోన్ చేశాడు. శశి పై అధికారి చెన్నరాయప్ప తానే వస్తానన్నాడు. మార్చింది మా మనిషే అని మీరు గట్టిగా చెప్తే, కొత్త ప్రోబు మేమే ఇస్తాం, అతన్ని ఉద్యోగం నుంచి తీసేస్తాం అన్నాడు. శెట్టిగారు ఈ మాట బజారంతా చెప్పుకున్నాడు. సిగ్గు విడిచి చెప్తున్నాను, అన్నిసార్లు వినేసరికి నాక్కూడా శశి మీద అనుమానం అంటుకుంది. ఆ నెమ్మది, ఆ మౌనం ఎందుకో అనిపించింది. అనుమానం గజ్జిలాంటిది, పక్కన కూర్చుంటే చాలు.

చెన్నరాయప్ప వచ్చే ముందురోజు భాగీరథమ్మ నాకు మజ్జిగ తెచ్చింది. గ్లాసు అందిస్తూ నా మెడ వైపు చూసింది.

"ఏమే ప్రేమా, గొలుసు ఇట్లయింది?"

"కార్తీకానికి దీపాలు తోముతా దాన్ని కూడా తోమినానమ్మా. చింతపండు, బూడిద పెట్టి."

"వన్ గ్రామ్ గోల్డ్ కదే అది. ఉండేదే పూత. అది పోతే లోపల ఇత్తడి, ఇంగ కిలుం పట్టకుండా ఏమైతాది?" నవ్వింది. "మా ఇంటాయనా నీ మాదిరే. ఆయుధపూజకి తక్కెడ, తూకం రాళ్ళు, ఆ మిషను పిడి, అన్నీ ఒకే తొట్టిలో వేసి తోమినాడు. ఆ సూదులు ఇంగా మెరవాలని బ్రష్షు పెట్టి..."

మాట అక్కడే ఆగిపోయింది. పండక్కి దీపశ్రీ అత్తగారింటికి, నేను సుగటూరుకు వెళ్ళాం. ఆ తోమడం చూసింది ఆమె ఒక్కతే. పూజకు సామాను కడగడం ఆ ఇంట్లో ముట్టుకోవడం కింద లెక్కకు రాదు.

గోడ అవతల తక్కెడలో బేడలు జోకుతున్న చప్పుడు ఆగింది. శెట్టిగారు వచ్చి నా ముందు చెయ్యి చాపాడు. గొలుసు తీసిచ్చాను. గోటితో గీకి, వెలుతురులో తిప్పి చూసి, నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. భాగీరథమ్మ ఖాళీ గ్లాసు తీసుకుంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

మర్నాడు చెన్నరాయప్ప వచ్చాడు. శశి గోడకు ఆనుకుని నిలబడ్డాడు, సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని. దీపశ్రీకి ఏమీ తెలియదు. నాకు తెలుసు. శెట్టిగారు నోరు మూసుకుంటే ఊరికే కొత్త ప్రోబు వస్తుంది. తెరిస్తే కాంట్రాక్టు వర్తించదు, ఒక పాత కారు వచ్చేంత సొమ్ము చేతి నుంచి పోతుంది. రాలిన బేడగింజలు కూడా ఏరుకునే మనిషి. నోరు విప్పడనే అనుకున్నాను.

"మీరు ఒక్క మాట చెప్పండి శెట్రే, చాలు," అన్నాడు చెన్నరాయప్ప.

శెట్టిగారు శశి సంచీ వైపు చూశాడు.

"మీ కాంట్రాక్టులో ఒక మాట ఉండాది కదా. మీరు చెప్పనిది పెట్టి తుడిస్తే అని."

"ఉండాది."

"చింతపండు, బూడిద దాంట్లో వస్తాయా?"

చెన్నరాయప్పకు అర్థం కాలేదు. "వస్తాయి, ఏమి వేసినా వస్తాది. ఎందుకు?"

"అయితే తోమింది నేను. పిల్లోడు ఏమీ తియ్యలేదు."

దీపశ్రీ "అప్పా" అంది. శశి మొహంలో సంతోషం వస్తుందని చూశాను. రాలేదు. వంగి సంచీ తీసుకుని భుజానికి వేసుకున్నాడు.

శ్రీనివాసపురంలో శెట్టిగారి మామిడి తోట కాపు ఆ ఏడు పూత రాకముందే వ్యాపారి చేతికి వెళ్ళిపోయింది. ఆ డబ్బుతోనే కొత్త ప్రోబు వచ్చింది. వేరే ఇంజనీరును పంపమంటారా అని కంపెనీవాళ్ళు అడిగితే, శశే రావాలని శెట్టిగారు పట్టుబట్టాడు. అతను వచ్చిన రోజు తాళంచెవి తానే తీసి చేతికిచ్చి, కావాలనే అంగడిలోకి వెళ్ళిపోయాడు. పని అయ్యేదాకా ఇటు తొంగి చూడలేదు. భాగీరథమ్మ కాఫీ తెచ్చింది. శశి దాన్ని ముట్టుకోలేదు.

వెళ్ళేటప్పుడు అంగడి ముందు ఆగాడు. సంచీ తక్కెడ పక్కన పెట్టి జిప్ పూర్తిగా తెరిచాడు.

"వద్దు నాయనా, పోయిరా," అన్నాడు శెట్టిగారు, మొహం పక్కకు తిప్పుకుని.

"చూడండి శెట్రే. మీరు చూసినాకే పోతాను."

బేరానికి వచ్చినవాళ్ళు ఇద్దరు నిలబడి ఉన్నారు. శశి ఒక్కొక్కటే బయట పెట్టాడు, స్క్రూడ్రైవర్లు, వైర్లు, చపాతీల డబ్బా. చివర తైలం సీసా తీసి, మూత విప్పి, ఆయన ముందు పెట్టాడు.

ఇప్పటికీ వచ్చిన ప్రతిసారీ అలాగే చేస్తాడు. శెట్టిగారు వద్దనడం మానేశాడు. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని, అతను మళ్ళీ అన్నీ సర్దుకునేదాకా తల వంచుకుని కూర్చుంటాడు.