గాలాడే హెడ్‌ఫోన్లు

హెడ్‌ఫోన్ల దుకాణంలో అమ్మకాలు చూసే అతను ప్రతి జతనీ మెత్తటి గుడ్డతో తుడిచి, "ఖరీదైనదానికి ధర మూడింతలు, మెరుగు మాత్రం ఇసుమంతే" అని ఉన్నమాట చెప్పేస్తాడు. ఒక్కరికి తప్ప. కూనిరాగం తీశాడని, "ఆఫీసనుకున్నావా, బాత్‌రూమనుకున్నావా?" అంటూ నలుగురి ముందూ అతన్ని ఉద్యోగంలోంచి తీసేసిన పాత మేనేజరు ఓ రోజు వచ్చాడు. అతన్ని ఆనవాలు పట్టలేదు. తాను పాడి రికార్డు చేసుకున్న పాటే పెట్టుకుని, వెనక మూసున్న జతనీ చిల్లులున్న జతనీ పోల్చి చూశాడు.

"ఆఫీసులో గుట్టుగా వినాలి. ఏది మేలంటావ్?"

"వెనక జల్లెడలా ఉన్నది సార్. గాలాడుతుంది, గొంతు నిండుగా పలుకుతుంది."

అబద్ధం కాదు. ఆ చిల్లుల్లోంచి పాట బయటికీ పోతుందన్నది మాత్రం దాచాడు.

వారం తిరక్కుండా మేనేజరు ఊగిపోతూ వచ్చాడు. "పాడైపోయిందిది! ఆఫీసంతా విని పగలబడి నవ్వారు!"

అతను తీరిగ్గా తుడిచి, చెవికి ఆనించుకుని విన్నాడు.

"హెడ్‌ఫోన్లు బానే ఉన్నాయి సార్. పాటే బాత్‌రూముది."