పంతులుగారికి నాలుగు వ్యాన్లు

ఇప్పుడంటే ప్రపంచంలో ఏ మూలకెళ్ళినా ఫోన్ మీద వేలు పెడితే కారొచ్చి గుమ్మం ముందు ఆగుతోంది, డ్రైవర్ ఏ భాషలో మాట్లాడినా ఆ ఫోనే మనకి అర్థం చెప్పేస్తోంది కానీ, నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇంత సుఖం ఉండేది కాదు. మరీ అంత పాతకాలమేమీ కాదులెండి, ఓ పదిహేనేళ్ళు కూడా అయ్యుండదు. అయినా ఆ రోజులు తలుచుకుంటే నాకు ఒకటే ఆశ్చర్యం, ఏమీ తెలియకుండా అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చేదా అని. ఈ రోజు పళ్ళ డాక్టర్ అపాయింట్‌మెంట్‌ని కూడా రెండుసార్లు సరిచూసుకునే మనిషిని, అప్పట్లో ఎన్నడూ చూడని దేశంలో, ఒక్క ముక్క రాని భాషలో, ఒక పెళ్ళి ముహూర్తాన్ని నెత్తినేసుకున్నాను. (నేను వేసుకోలేదు, పెట్టారు. ఆ సంగతికే వస్తున్నాను.)

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మరో ఇద్దరు అమ్మాయిలతో కలిసి అపార్ట్‌మెంట్‌లో ఉంటూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. అంటే ఇతరులు చేసిన తప్పులు పట్టుకోవడమే నా ఉద్యోగం. నా తప్పులు పట్టుకోవడానికి కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో మా పెదనాన్న ఉండేవారు. అంతకు ముందు ఏడాది మా కుటుంబమంతా ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌లో కలుసుకోవాలని అనుకుంటే, అందరికీ హోటల్ గదులు బుక్ చేసే పని నేను తీసుకుని, దేశానికి ఈ చివరనున్న మరో పోర్ట్‌లాండ్‌లో, మెయిన్ రాష్ట్రంలో, ఆరు గదులు బుక్ చేశాను. సముద్రం కనిపించే గదులు, బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీ. ఎంత మంచి గదులైతే ఏం లాభం, మనుషులందరూ మూడు వేల మైళ్ళ అవతల సూట్‌కేసులతో నిలబడ్డారు. ఆ రోజు నుంచి పెదనాన్న నన్ను పేరుతో పిలవడం మానేశారు. ఫోన్ ఎత్తగానే "ఏం పోర్ట్‌లాండ్, ఎట్లున్నవ్?" అనేవారు. నవ్వేదాన్ని గానీ, ఫోన్ పెట్టేశాక ఎంత ఉడుక్కునేదాన్నో నా రూమ్మేట్లకి తెలుసు.

అలాంటి సమయంలో మా అక్కకి, అంటే పెదనాన్న కూతురికి, పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు పడమటి తీరంలో బాతెల్ అనే ఊళ్ళో పుట్టి పెరిగిన తెలుగబ్బాయి. ఎక్కడో తెల్లటి ఇళ్ళు, నీలి సముద్రం ఉన్న ఫొటో చూసి, పెళ్ళంటూ చేసుకుంటే ఆ గ్రీకు దీవిలోనే అన్నాడు. మా అక్క ఇంకా ముందే ఆ మాట అనేసిందని తర్వాత తెలిసింది. పెదనాన్న నెల రోజులు అలిగి, చివరికి ఒక్క షరతు మీద దిగొచ్చారు. పెళ్ళి ఎక్కడైనా చేసుకోండి గానీ, ముహూర్తం నిమిషం తప్పకూడదు, చేయించేది మాత్రం ఎడిసన్ పంతులుగారే అన్నారు. పెదనాన్న న్యూజెర్సీలో ఉన్నప్పుడు వాళ్ళ గృహప్రవేశం చేయించింది ఆయనే. ఆయన లెక్క అంటే లెక్కే. ముహూర్తానికి అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన పెళ్ళికొడుకుని గుమ్మం దగ్గరే నిలబెట్టి చీవాట్లు పెట్టిన మనిషి.

పంతులుగారు ఎడిసన్, నేనూ ఎడిసన్. ఆ లెక్కన ఆయన బాధ్యత నాది అయింది. మిగతావాళ్ళం రెండు రోజులు ముందే దీవికి చేరుకుంటాం. పంతులుగారికి గురువారం వరకు ఇక్కడ వేరే పెళ్ళి ఉంది కాబట్టి ఆయన ఏథెన్స్‌లో దిగి, శనివారం పొద్దున ఎనిమిదింటికి ఓడలో దీవి రేవు పట్నానికి వస్తారు. పెళ్ళి మండపం దీవికి అవతలి వైపు ఊళ్ళో, కొండ మీదుగా గంటంపావు ప్రయాణం. ముహూర్తం పదకొండూ పది. ఈ మధ్యలో నేను చేయాల్సింది ఏమిటో పెదనాన్న ఫోన్‌లో చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు.

"నీకు ఒక్కటే పని. పంతులుగారు ఓడ దిగాలె, కార్ ఎక్కాలె, మండపం దగ్గర దిగాలె. ఒక కార్ బుక్ చెయ్, చాలు. ఇది కూడా ఆగం చేసినవనుకో, ఇంక మన ఇంట్ల ఏ పనీ నీకు చెప్పను బిడ్డా."

తిడితే పట్టించుకునేదాన్ని కాదేమో. చివర్లో 'బిడ్డా' అన్నారు చూడండి, అక్కడ గుచ్చుకుంది. ఇదొక్కటి సరిగ్గా చేసి చూపించకపోతే మా ఇంట్లో జన్మంతా పోర్ట్‌లాండ్‌గానే మిగిలిపోతానని అర్థమైంది.

ఆ దీవిలో కార్లు ఆన్‌లైన్‌లో దొరికేవి కావు. మేము దిగబోయే హోటల్ వాళ్ళు నలుగురు వ్యాన్ ఓనర్ల నంబర్లు పంపించారు. ఆ పట్నంలో వ్యాన్లు ఉన్నది ఆ నలుగురికేనట. కారు చాలదు, పంతులుగారితో రాగి చెంబులు, హోమం సామాను, కొబ్బరికాయలు కలిపి అయిదు సూట్‌కేసులు ఉంటాయి కాబట్టి ఎనిమిది సీట్ల వ్యాన్ అడగాలని నిర్ణయించుకున్నాను. మనకి పొద్దున తొమ్మిదైతే వాళ్ళకి సాయంత్రం నాలుగు. ఆఫీస్‌లో కాన్ఫరెన్స్ రూమ్ ఖాళీగా ఉన్నప్పుడు తలుపేసుకుని మొదటి నంబర్‌కి చేశాను. తేదీ, టైమ్, రేవు, అవతలి ఊరి పేరు, ప్రయాణికుడు మిస్టర్ పంతులు, అన్నీ ముక్కముక్కలుగా, మధ్యమధ్యలో ఆగుతూ ఇంగ్లీష్‌లో చెప్పాను. అటు నుంచి ఓ పెద్దాయన గొంతు అంతా ఓపిగ్గా విని, "నై, నై, నో టాక్సీ" అని ఫోన్ పెట్టేశాడు.

ఇక్కడ మీకు నా చెవుల గురించి ఓ మాట చెప్పాలి. అవి హైదరాబాద్ చెవులు. మలక్‌పేటలో కాలేజీకి వెళ్ళడానికి నాలుగేళ్ళు ఆటోలు పిలిచిన చెవులు. ఆటోవాళ్ళు మనం చెప్పింది పూర్తిగా వినకుండానే "నై" అని హ్యాండిల్ తిప్పేసుకుని వెళ్ళిపోతారని వాటికి బాగా తెలుసు. అంచేత నాకు కోపం వచ్చిందే తప్ప అనుమానం రాలేదు. ప్రపంచంలో ఎక్కడైనా బండివాళ్ళంతా ఒకటే అనుకుని రెండో నంబర్‌కి చేశాను. ఆయనా అంతే, అంతా విని "నై నై నై, నో టాక్సీ" అన్నాడు. వద్దనేవాడు అంత సంతోషంగా అనడం ఏమిటో అర్థం కాలేదు. మూడో ఆయన అయితే మూడు నైల తర్వాత నవ్వాడు కూడా. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు వాళ్ళలో ఒకాయన గ్రీకులో ఏదో మెసేజ్ పంపాడు, చివర బొటనవేలు బొమ్మ. రానని చెప్పిందిగాక పైగా వేళ్ళు కూడా చూపిస్తున్నాడా అని ఆ నంబర్‌ని బ్లాక్ చేసేశాను.

నాలుగో నంబర్‌లో ఒక ఆడమనిషి ఎత్తింది. శుభ్రమైన ఇంగ్లీష్‌లో, "సాటర్డే, ఎయిట్ ఓ క్లాక్, పోర్ట్, మిస్టర్ పాంతెలిస్. ఓకే" అంది. పంతులుగారు పాంతెలిస్ అయిపోయినా నేను సరిదిద్దలేదు. వ్యాన్ దొరికింది, అదే పదివేలు. పెదనాన్నకి ఫోన్ చేసి "కార్ రెడీ" అని చెప్పి, ఓక్‌ట్రీ రోడ్ మీదున్న మన హోటల్లో రూమ్మేట్లకి దోశ పార్టీ ఇచ్చాను.

శనివారం రానే వచ్చింది. పెళ్ళివాళ్ళందరి విడిది రేవు పట్నంలోని హోటల్లోనే. అక్క, పెళ్ళికొడుకు, పెదనాన్న, పెద్దమ్మ ముందురోజే అవతలి ఊరు వెళ్ళిపోయారు. మిగతా చుట్టాలందరికీ పొద్దున ఎనిమిదింటికి బస్సు పెట్టారు. నేను పట్టుచీర కట్టుకుని, మల్లెపూలు దొరక్క ఏవో తెల్లపూలు తలలో పెట్టుకుని, ఏడూ ముప్పావుకల్లా రేవులో ఉన్నాను. అక్కడ వరసగా నాలుగు వ్యాన్లు ఆగి ఉన్నాయి. నాలుగు వ్యాన్ల ముందు నలుగురు మనుషులు, నలుగురి చేతుల్లో నాలుగు అట్టలు. ఒకదాని మీద 'పాండులు' అని ఉంది, ఒకదాని మీద 'పాంతెలిస్' అని ఉంది, మిగతా రెండూ గ్రీకులో ఉన్నాయి. నలుగురూ ఒకరి అట్టలు ఒకరు చూసుకుని అప్పటికే గొంతులు పెంచేశారు. నా చీర చూడగానే నలుగురూ ఒక్కసారి నా వైపు తిరిగారు.

నేను మొదట ఫోన్ చేసిన పెద్దాయన తెల్ల మీసం మనిషి. ఆయన దగ్గరికొచ్చి నిదానంగా, "యూ కాల్. ఐ సే నే. నే, ఎన్‌దాక్సీ" అన్నాడు. అదే కదండీ, మీరు రానన్నారు కదా అన్నాను. ఇంగ్లీష్ వచ్చిన ఆవిడ నన్ను ఎగాదిగా చూసి అసలు సంగతి చెప్పింది. వాళ్ళ భాషలో 'నే' అంటే అవును. నేను 'నో టాక్సీ' అనుకున్న 'ఎన్‌దాక్సీ' అంటే సరే, అలాగే. అంటే ఆ ముగ్గురు పెద్దమనుషులూ నేను అడిగినదానికల్లా అవునవును, అలాగే అంటూ ఎంతో మర్యాదగా ఒప్పుకున్నారు. నేను వాళ్ళని మలక్‌పేట ఆటోవాళ్ళని చేసి పెట్టాను. ఒకాయన్ని బ్లాక్ కూడా చేశాను.

నాలుగు వ్యాన్లు, ఒక్క పంతులుగారు. ఈ కథ పెదనాన్న చెవిన పడితే దీని ముందు పోర్ట్‌లాండ్ ఎంతో ముద్దుపేరు అయిపోతుంది. ముగ్గురికీ ఎలా క్షమాపణ చెప్పి పంపించాలా అని నేను ఇంగ్లీష్ మాటలు వెతుక్కుంటుండగా ఓడ వచ్చింది. పంతులుగారు పంచె, శాలువాతో మెట్లు దిగి, నాలుగు వ్యాన్లనీ, నాలుగు అట్టలనీ, నలుగురు మనుషుల్నీ చూసి ఒక్క క్షణం ఆగారు. "ఇంత మర్యాద నాకు ఎడిసన్‌లో ఎప్పుడూ జరగలేదమ్మాయీ" అన్నారు. నేను నిజం చెప్పడానికి నోరు తెరిచేలోపల ఫోన్ మోగింది. పెదనాన్న.

ఆయన గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు. చుట్టాలెక్కిన బస్సు హోటల్ నుంచి బయల్దేరి మొదటి కొండమలుపు దగ్గరే పొగలు కక్కి ఆగిపోయిందట. ఇరవై ఆరుగురు రోడ్డు మీద నిలబడ్డారు. వాళ్ళలో పెళ్ళికూతురిని గంపలో తీసుకురావాల్సిన మేనమామ ఉన్నాడు. మంగళసూత్రాలు హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్న పెళ్ళికొడుకు తల్లి ఉన్నారు. ఇంకో బస్సు రావాలంటే మధ్యాహ్నం అవుతుందట.

"హోటల్ వాళ్ళని అడిగిన. ఊళ్ళో ఉన్న వ్యాన్లన్నీ ఎవరో బుక్ చేసేసుకున్నరంట బిడ్డా" అన్నారు. "ముహూర్తం పోయినట్టే."

నేను నాలుగు వ్యాన్ల వైపు చూశాను. తెల్ల మీసం పెద్దాయన వైపు చూశాను. నా జీవితంలో అంత నెమ్మదిగా, అంత స్పష్టంగా ఇంకెప్పుడూ మాట్లాడలేదు.

"ఆ బుక్ చేసింది నేనే పెదనాన్నా. నాలుగు వ్యాన్లు. ఎందుకైనా మంచిదని. ఇప్పుడే పంపిస్తున్నా."

(ఇది అబద్ధమా అని మీరడగొచ్చు. బుక్ చేసింది నేనే, వ్యాన్లు నాలుగే, ఇప్పుడే పంపించాను. 'ఎందుకైనా మంచిదని' అన్న ఒక్క ముక్కలోనే కాస్త ఎక్కువతక్కువలు ఉన్నాయి.) ఆ తర్వాత జరిగిందంతా నేను ఇప్పటికీ కళ్ళు మూసుకుని చూసుకుంటూ ఉంటాను. ఇంగ్లీష్ వచ్చిన ఆవిడ మిగతా ముగ్గురికీ సంగతి చెప్పగానే, అంతసేపూ కొట్టుకోబోయినవాళ్ళు ఒక్కటైపోయారు. పెళ్ళంటే వాళ్ళకీ మనలాగే అన్నీ పక్కన పెట్టి పరుగెత్తే విషయమట. పది నిమిషాల్లో బస్సు దగ్గరికి చేరాం. ఎవరు ఎక్కడ కూర్చోవాలో నేనే చెప్పాను, పెద్దవాళ్ళు మారుమాట్లాడకుండా కూర్చున్నారు. మేనమామని, మంగళసూత్రాలని, పంతులుగారిని మొదటి వ్యాన్‌లో పెట్టాను. డ్రైవర్ పక్క సీటులో నేను కూర్చుని, ఎత్తయిన ప్రతి మలుపు దగ్గరా "త్వరగా వెళ్ళగలమా?" అని అడిగేదాన్ని. తెల్ల మీసం పెద్దాయన ప్రతిసారీ "నే, నే" అనేవాడు. ఆ మాట అంత తియ్యగా ఉంటుందని నేనేం కలగన్నానా?

పదీ ఇరవైకి మండపం దగ్గర నాలుగు వ్యాన్లూ వరసగా ఆగాయి. అక్క మేనమామ పరుగెత్తుకెళ్ళి గంప అందుకున్నాడు. పదకొండూ పదికి, నిమిషం అటూ ఇటూ కాకుండా, అక్క తల మీద జీలకర్ర బెల్లం పడింది. పంతులుగారు గడియారం చూసుకుని తల పంకించారు, ఆయన దగ్గర్నుంచి అంతకు మించిన మెప్పు ఉండదు. నలుగురు డ్రైవర్లూ వెనక వరసలో కూర్చుని మాతోపాటు అక్షింతలు వేశారు. భోజనాల దగ్గర పెదనాన్న నన్ను భుజం మీద చెయ్యేసి లాక్కెళ్ళి బాతెల్ వియ్యంకుడి ముందు నిలబెట్టారు. "ఇది మా తమ్ముని బిడ్డ. మేమందరం ఒక్కటి ఆలోచిస్తే ఇది నాలుగు ఆలోచిస్తది" అన్నారు. నా పేరు చెప్పారు, నా అసలు పేరు. ఏడాది తర్వాత ఆయన నోట విన్నాను. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు, పచ్చడి కారంగా ఉందని చెప్పాను.

ఆ రోజు నుంచి మా కుటుంబంలో ఎవరు ఎక్కడికి కదిలినా బుకింగ్ నాదే. ఈ పదవి కోసం నేను ఎంత మారిపోయానో నాకే నవ్వొస్తుంది. వెళ్ళబోయే దేశం భాషలో పాతిక ముక్కలు ముందే నేర్చుకుంటాను, ప్రతి డ్రైవర్‌తోనూ మళ్ళీ మాట్లాడి రూఢి చేసుకుంటాను. ఒక్క పొరపాటు లేదు. మొన్న వేసవిలో ఓ పెళ్ళికి ఎయిర్‌పోర్ట్‌లో దిగినవాళ్ళ కోసం వ్యాన్ చెప్పాను. చెప్పిన టైమ్‌కి వచ్చింది, ఎక్కారు, వెళ్ళారు, నా వైపు తిరిగి చూసినవాళ్ళు లేరు. ఖాళీ అయిన ఆ రోడ్డు మీద నిలబడి, పట్టుచీరలో నాలుగు వ్యాన్ల ముందు తెల్లమొహం వేసిన ఆ పిల్లని తలుచుకుని నవ్వుకున్నాను. కాస్త అసూయ కూడా పడ్డాను. దానికి ఒక్క ముక్కా అర్థం కాలేదు కాబట్టే నాలుగు వ్యాన్లు వచ్చాయి. నాకు ఇప్పుడు అన్నీ అర్థమవుతాయి, అందుకే ఒక్కటే వస్తుంది.