వార్డ్‌రోబ్‌లో పుంటికూర

మెల్‌బోర్న్‌లో ఆగస్టు నెలలో పుంటికూర విత్తనాలు వేసిన మనిషి నేను కాక ఇంకొకడుంటే చూపించండి, దండం పెడతాను. పొద్దున్నే కారు అద్దం మీద మంచు గోకితే గానీ రోడ్డు కనపడని నెల అది. విత్తనాలిచ్చిన ఆంటీ, కేరమ్ డౌన్స్ గుడిలో ప్రసాదం వరుసలో పరిచయమైనావిడ, మరీ మరీ చెప్పింది. "ఇప్పుడే వెయ్యకు బాబూ. సెప్టెంబర్ చివర్లో ఇంట్లో మొలకెత్తించుకో, నవంబర్‌లో బయట నాటుకో. తొందరపడ్డావంటే అన్నీ పోతాయి." బుద్ధిగా తలూపాను. ఇంటికొచ్చి ఆ రోజే నానబోశాను.

నాకు ఆగే ఓపిక లేదు. ఆగడం తప్ప వేరే పనేమీ లేకుండా అప్పటికే చాలా కాలమైంది. పెళ్ళయిన నెలలోపే సెలవు అయిపోయి నేను ఉద్యోగానికి తిరిగొచ్చేశాను. నా భార్యకు వీసా పెట్టాం. త్వరగానే వచ్చేస్తుందని ఎవరో అంటే నమ్మి తను ఉన్న ఉద్యోగం మానేసింది, సూట్‌కేసు సర్దుకుని విజయవాడలో వాళ్ళక్క ఇంట్లో కూర్చుంది. ఇక వచ్చేపోయేవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, "ఇంకా వెళ్ళలేదా?" అని. మొదట్లో ఆ ప్రశ్న అడిగినవాళ్ళని అనుకరించి నాకు చెప్పి నవ్వేది. తర్వాత చెప్పడం మానేసింది. ఆ తర్వాత ఫోనెత్తడమే తగ్గించింది. "తలనొప్పిగా ఉంది, రేపు మాట్లాడతా" అనేది. ఆ రేపు కూడా తలనొప్పే. మనిషి చేజారిపోతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఇంత దూరం నుంచి ఏం చెయ్యాలో పాలుపోలేదు.

మా ఇద్దరికీ ఉన్న ఉమ్మడి ఆస్తి ఒక్కటే, ఆ ఆకు మీద తగువు. నాది హనుమకొండ, మేం పుంటికూర అంటాం. తనది గుంటూరు పక్కన, గోంగూర అనకపోతే ఊరుకోదు. "నేనొచ్చిన రోజు తాజా గోంగూర వండిపెట్టాలి. సీసాలో పచ్చడి తెచ్చి నా ముందు పెట్టావో, ఎక్కొచ్చిన విమానంలోనే వెనక్కి పోతా!" అని వీసా పెట్టిన కొత్తలో బెదిరించింది. ఆ మాట పట్టుకునే నేనీ పిచ్చి పనికి దిగాను.

క్లేటన్‌లో ముగ్గురం కలిసి అద్దెకున్న ఇల్లు మాది. అందులో ఎండ మొహం చూడని గది నాది. వార్డ్‌రోబ్‌లో బట్టలన్నీ తీసి మంచం మీద పడేసి, టేక్‌అవే డబ్బాల్లో మట్టి పోసి, పైన ఒక ట్యూబ్‌లైట్ కట్టాను. మొలకలొచ్చిన రోజు ఫోటో తీసి పంపాను. కింద నేనేమీ రాయలేదు. కాసేపట్లో తనే వీడియో కాల్ చేసింది.

"ఏంటవి?"

"నీ గోంగూర. మా పుంటికూర."

"ఇంత చలిలోనా? పిచ్చిగానీ పట్టిందా నీకు?" అని తిట్టి, "ఏదీ, ఇంకాస్త దగ్గరగా చూపించు" అంది.

ఇక ఆ రోజు నుంచి తలనొప్పి ఊసే లేదు. నేను ఆఫీసు నుంచి వచ్చి చొక్కా మార్చుకోకముందే ఫోన్ మోగేది. "ఆ మూల దానికి నీళ్ళెక్కువయ్యాయి, కళ్ళు కనపడట్లేదా? ఆ రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి, విడదియ్యి" అంటూ విజయవాడ నుంచి పెత్తనం చేసేది. "ఇంకా వెళ్ళలేదా?" అన్నవాళ్ళకి, "మొక్కలు ఇంకా చిన్నవండీ, ఎదగనివ్వండి" అని జవాబిస్తోందట. వాళ్ళక్క ఆ సంగతి చెప్పినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. బాత్రూమ్‌లోకి వెళ్ళి మొహం కడుక్కుని రావలసి వచ్చింది.

సెప్టెంబర్‌లో ఎండ కాసిన ఆదివారాలు డబ్బాలు పెరట్లో పెట్టేవాణ్ణి. అప్పటికి ఆకులు చేతివేళ్ళలా చీలి, అంచులు రంపంలా తిరిగాయి. పక్కింటి పెద్దాయన ఫెన్స్ మీదుగా తొంగి చూసి, "తొందరపడ్డావ్ మేట్" అన్నాడు. కప్ డే, అంటే నవంబర్ మొదట్లో వచ్చే గుర్రప్పందేల సెలవు, అది దాటకుండా నేలలో పెట్టొద్దన్నాడు. చలికి ముడుచుకుపోతాయట. పైగా లైటు కింద పెరిగినవాటిని పగలు పొట్టిగా ఉన్నప్పుడు బయట పెడితే, మోకాలెత్తు కాకముందే పూతకొచ్చి కూర్చుంటాయట. పుంటికూర గురించి ఈయనకెంత తెలుసో అని నేను మురిసిపోయాను. అప్పుడాయన గొంతు తగ్గించి, "టమాటాల మధ్యలో నాటుకో, రోడ్డు మీదికి కనపడవు" అని కన్నుకొట్టాడు.

అప్పుడు వెలిగింది నాకు. గంజాయి అనుకుంటున్నాడు! ఇది అన్నంలో కలుపుకు తినే ఆకండీ మహాప్రభో అని ఎంత మొత్తుకున్నా, "అలాగే మేట్, అలాగే" అని నవ్వుకుంటూ లోపలికి పోయాడు. మా ఆవిడకి చెబితే ఎక్కిళ్ళొచ్చేదాకా నవ్వి, "ఏం గంజాయి మొగుడా, తిన్నావా?" అని కొన్నాళ్ళు అదే పిలుపు పిలిచింది. నేనూ నవ్వాను గానీ లోపల ఎక్కడో గుచ్చుకుంది. తన వీసాకి పూచీ పడింది నేనే కదా.

అక్టోబర్‌లో ఇల్లు సరిగ్గా ఉంచామో లేదో చూసే అద్దె ఏజెన్సీ వాళ్ళ ఇన్‌స్పెక్షన్ వచ్చింది. డబ్బాలు కార్లోకి మార్చేద్దామనుకున్నాను. ఆ అమ్మాయి చెప్పిన టైమ్ కన్నా ముందే వచ్చేసింది. గోడలకి బూజు పట్టిందేమో చూడాలని వార్డ్‌రోబ్ తలుపు జరిపింది. లోపల లైటు, లైటు కింద వరసగా వేళ్ళలా చీలిన ఆకులు. అలాగే నిలబడిపోయింది. "వెజిటబుల్" అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది. ఆ అమ్మాయి నవ్వి, ఫోటో తీసుకుని, ఓనర్‌కి చెప్తానని వెళ్ళిపోయింది.

సాయంత్రం నాతో ఉండే నల్గొండ అతను ఈ మాట విని తల పట్టుకున్నాడు. "అన్నా, ఖతం. ఓనర్ పోలీసులను పిలిస్తే ఎట్ల? నీ మీద కేసైతే వదిన వీసా గోవిందా."

"అరె, అది పుంటికూర రా!"

"నాకు తెల్సు, నీకు తెల్సు. వాళ్ళు టెస్టు చేసి తెల్సుకునేలోపల నీ పేరు కంప్యూటర్ల ఎక్కుతది గదా!"

తన వీసా పోతుందేమోనన్న భయం ముందు ఇంకేమీ ఆలోచించలేదు. అన్నీ పీకేశాను. చెత్తసంచిలో కుక్కి మూతి కట్టి బిన్‌లో వేశాను. తను ఫోన్ చేసినప్పుడు జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను. "సరేలే, మంచి పని చేశావ్" అంది. ఆ వెంటనే, "తలనొప్పిగా ఉంది, పడుకుంటా" అంది. అక్కడ మిట్టమధ్యాహ్నం.

మర్నాడు ఏజెన్సీ నుంచి మెయిల్ వచ్చింది. కుండీల నీళ్ళు కారి కార్పెట్ మీద మరకలు పడే ప్రమాదం ఉందట, దయచేసి కింద ట్రేలు పెట్టుకోవాలట. మొక్కలు చక్కగా పెంచుతున్నారని ఓనర్ అన్నారట. అంతే. ఇంకేం లేదు. నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది. ఆ రోజు ఇంటి నుంచే పని. అక్కడ తెల్లారేదాకా ఆగి, వీడియో కాల్ చేసి మెయిల్ చదివి వినిపించాను.

"కార్పెట్టా?" అంది. నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. "ఒక్కటైనా ఉంచాల్సింది."

"ఏడ్వకు. గింజలున్నయి, మళ్ళ ఏస్త. నువ్వచ్చే వరకు కూర తయారుంటది."

"గోంగూర ఎవడిక్కావాలి? ఇక్కడ రోజూ బండి మీద మా గుమ్మంలోకే వస్తుంది, నాకేం కరువా? పొద్దున లేవాలనిపించేది కాదు నాకు. ఆ ఇంట్లో నా కోసం ఒకటి పెరుగుతోంది, ఇవాళ ఎంతయిందో చూడాలి అని లేచేదాన్ని. అదీ లేకుండా చేశావు."

ఇంత కాలం నేను తనకి వండిపెట్టడానికి పెంచుతున్నాననుకున్నాను. ఫోన్ అలాగే పట్టుకుని పెరట్లోకి నడిచాను. చలిగాలి కొడుతోంది, కప్ డే ఇంకా రాలేదు. వీసా సంగతి ఇద్దరం ఎత్తలేదు. ఇది రాస్తున్న రోజు వరకూ అది రానే లేదు. ఫెన్స్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చేత్తోనే మట్టి గీకి, మిగిలిన గింజలు వేయడం మొదలుపెట్టాను.

"ఏం చేస్తున్నావ్? కనపడట్లేదు" అంది.

ఫోన్ నేల వైపు తిప్పాను. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"మరీ లోతుగా వెయ్యకు" అంది.