మౌలాలి గుట్ట మీద ఉల్లిగడ్డ

మా క్యాంపస్‌లో ఏటా చలికాలంలో నేనొక ప్రసంగం చేస్తాను. నా క్లాసులో వెనక బెంచీల వాళ్లు హాయిగా కునుకు తీస్తారు గానీ, ఆ ఒక్కరోజు మాత్రం హాలు కిటకిటలాడిపోతుంది. కామర్సు వాళ్లు, హిస్టరీ వాళ్లు, ఆఖరికి క్యాంటీన్ వాళ్లు కూడా వచ్చి గోడకు ఆనుకుని నిలబడతారు. విషయం ఎగిరే పళ్ళాలు. గ్రహాంతరవాసుల ముందు నేనెంత, నా ఫిజిక్స్ పాఠం ఎంత!

ప్రసంగం ఎప్పుడూ ఒకే కథతో మొదలుపెడతాను. చాలా ఏళ్ల కిందట అమెరికాలో ఒక పైలట్ ఆకాశంలో ఏవో మెరిసే వస్తువులు చూశాడు. నీళ్ల మీదికి సాసర్ విసిరితే గెంతుకుంటూ పోతుందే, అలా పోయాయన్నాడు. పాపం ఆయన చెప్పింది వాటి నడక గురించి. పత్రికల వాళ్లకు అంత ఓపికేదీ? సాసర్ అన్న ఒక్క మాట పట్టుకుని, ఎగిరే సాసర్లని అచ్చేశారు. ఇక అప్పట్నుంచి చూసినవాళ్లందరికీ సాసర్లే కనపడ్డాయి. "ఎదుటి మనిషి చెప్పేది చివరిదాకా వినకపోతే ఇదిగో, ఇలా ఉంటుంది" అని నేను పిల్లలకు వేలు చూపించి మరీ చెప్తాను. చప్పట్లు కొడతారు. ఆ మాట కాస్త గుర్తుంచుకోండి, తర్వాత నా పరువు తీసింది అదే.

ఆ తర్వాత ప్రశ్నలు. ఒకడి మేనమామ ఆకాశంలో దీపాల రైలు చూసుంటాడు. అవి వరసగా పోయే ఉపగ్రహాలురా నాయనా అంటే ముఖం వేలాడేస్తాడు. ఇంకొకరు లేచి, మన పురాణాల్లో విమానాలు ఎప్పుడో ఉన్నాయి కదా మేడమ్ అంటారు. ప్రభుత్వాలన్నీ కలిసి దాచేస్తున్నాయని ఒకమ్మాయి ఏటా కోప్పడుతుంది. మిగిలిన వాళ్లకు నా దగ్గర ఒకటే మందు. "మీరు చూసింది శుక్రుడు." చాలాసార్లు అది నిజమే కూడా. తెల్లవారుజామున తూర్పున అంత ధగధగలాడేది ఇంకేముంటుంది? కాకపోతే ఆ జవాబు నాకెంత అలవాటైపోయిందంటే, అది చెప్పడానికి తలెత్తి ఆకాశం చూడటం కూడా మానేశాను.

మా ఇల్లు తార్నాకలో. పొద్దున్నే శాలువా కప్పుకుని క్యాంపస్ రోడ్ల మీద నడవడం ఇరవయ్యేళ్ల అలవాటు. గేటు పక్కన ఒకామె పూలమ్ముతుంది. ఇంచుమించు నా వయసే. నల్లగొండ దిక్కు పల్లెనుంచి వచ్చి అంబర్‌పేట్‌లో ఉంటోంది. ఒక్కతే కూతురు, మా క్యాంపస్‌లోనే డిగ్రీ మొదటి సంవత్సరం. ఆ అమ్మాయి పొద్దున్నే తల్లితోపాటు వచ్చి, పక్కన చిన్న చాప వేసుకుని మాలలు కట్టి, టైమవగానే పుస్తకాల సంచీ తగిలించుకుని అటునుంచి అటే క్లాసుకు పోయేది. "మా బిడ్డ గీ కాలేజీలనే సదువుతది" అని పూలామె కొనేవాళ్లకీ కొననివాళ్లకీ కూడా చెప్పేది. నాకైతే రోజూ చెప్పేది.

మొన్న చలికాలం ఒక పొద్దున నన్ను చూడగానే లేచి నిలబడింది.

"మేడమ్, ఇయ్యాల మబ్బుల్నే, ఇంక తెల్లారకముందే, మౌలాలి గుట్ట మీద ఒకటి కనవడ్డది. తెల్లగ, ధగధగ మెరుస్తున్నది. నేను పూల మూట ఇప్పుకుంట..."

"శుక్రుడు" అన్నాను.

"కాదు మేడమ్, గది జర..."

"శుక్రుడేనమ్మా. తెల్లారగట్ల అలాగే మెరుస్తాడు. భయపడకు."

"భయం కాదు మేడమ్..."

ఈలోగా నాతో నడిచే రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరుగారు ఫోను పైకెత్తారు. "మేడమ్ గారూ, మళ్లీ ఒక్కసారి చెప్పండి, మన వాకర్స్ గ్రూపులో పెడతాను" అన్నారు. ఇక నా నోరు ఊరుకుంటుందా? శాలువా సర్దుకుని మొత్తం చెప్పాను. శుక్రుడన్నాను, దృష్టిభ్రమ అన్నాను. "అయినా గ్రహాంతరవాసులు దిగాలంటే తార్నాకలో పార్కింగ్ దొరకొద్దూ!" అని కూడా అనేశాను. చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు. నా పక్కన పూలామె దారం పట్టుకుని, నోరు కొంచెం తెరిచి, అలాగే నిలబడి ఉంది.

ఆ వీడియో వాకర్స్ గ్రూపు దాటి అపార్ట్‌మెంట్ గ్రూపులకు పాకింది. అక్కణ్ణుంచి పిల్లల చేతుల్లో పడింది. వాళ్లు దానికి సంగీతం తగిలించి, ఆమె ముఖం దగ్గర ఆపి ఆపి చూపించి, కింద 'ఏలియన్ ఆంటీ' అని రాశారు. నాకు మాత్రం, సిగ్గు విడిచి చెప్తున్నాను, సంతోషంగానే ఉంది. అంతమంది నా మాట విన్నారు కదా!

వారం తర్వాత గానీ పక్కన చాప ఖాళీగా ఉండటం నా కంటబడలేదు.

"అమ్మాయి రావట్లేదేం?"

"వస్తలేదు మేడమ్. నల్లకుంట దిక్కు సుట్టు తిరిగి కాలేజీకి పోతున్నది. క్లాసుల పోరగాండ్లు 'ఏలియన్ ఆంటీ బిడ్డ' అంటున్నరంట. ఇంట్ల నాతోని మాటనే లేదు. మీ అమ్మ ఎవరని అడిగితే చెప్తలేదంట." దారం పళ్లతో తెంపింది. "మంది నవ్వితే నవ్వనీయున్రి మేడమ్. నా బిడ్డకు నేను నవ్వులాటైన. గదే ఓర్సుకుంట లేను."

అయినా నాకు బుద్ధి రాలేదు. ఓదార్పుగా, "శుక్రుణ్ణి చూసి పొరబడటం తప్పేం కాదమ్మా, పెద్ద పెద్ద పైలట్లే పొరబడతారు" అన్నాను.

ఆమె చేతిలో మాల పక్కన పెట్టేసింది.

"ఒక్క మాట అడుగుత మేడమ్. ఇప్పుడు మూఢాలు నడుస్తున్నయా, లేదా? పెండ్లిళ్లు లేవు, మండపాలు లేవు, చామంతులు గిట్లనే వాడిపోతున్నయి. ఎందుకు? శుక్రుడు సూర్యుని ఎనక దాసుకున్నడని గదా, ముహూర్తాలు లేవన్నరు. మేం చర్చికి పోయెటోళ్లం, మాకు పంచాంగం లేదు. కానీ మా ధందా అంత దాని మీదనే ఉన్నది. ఎవ్వలకు కనవడని శుక్రుడు నాకొక్కదానికే ఎట్ల కనవడ్డడు మేడమ్?"

నడక ఆపేసి నేరుగా ఇంటికి వచ్చి వంటింట్లోకి వెళ్లాను. కిరాణా కొట్టువాడిచ్చిన క్యాలెండర్ గోడకు వేలాడుతోంది. శుక్ర మౌఢ్యమి అని ఎర్ర అక్షరాల్లో ఉంది, వారాల తరబడి. మా చిన్నాన్న మనవరాలి పెళ్లి వాయిదా పడింది కూడా ఈ మూఢం వల్లే, పట్టుచీర బీరువాలో పెట్టుకుని నేను విసుక్కున్నాను కూడా. అనుమానం తీరక గ్రహాల పట్టికలు తీశాను. అక్కడా అంతే, శుక్రుడు సూర్యుడికి ఆవల ఉన్నాడు. ఆ నెలంతా ఎవరు చూసినా కనపడడు. ఆకాశం గురించి పాఠాలు చెప్పే నేను ఎంత నిక్షేపంగా పప్పులో కాలేశానో చూడండి.

మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆ ఖాళీ చాప మీద కూర్చున్నాను.

"తప్పు నాదేనమ్మా. ఆ రోజు ఏం చూశావో మొత్తం చెప్పు. నేను మాట్లాడను."

కాసేపు నమ్మలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. "ఉల్లిగడ్డ లెక్క ఉన్నది మేడమ్. పైన లావు, కింద సన్నం. కింద పొడుగు తోక, తోక కొసకు డబ్బా లెక్క ఏందో యాలాడుతున్నది. గీడ మనకింక చీకటే ఉన్నది, దానికి మాత్రం ఎండ తాకింది. మెల్లమెల్లగ మీదికి పోయింది, సుక్కంత అయ్యింది."

నేను తల కొట్టుకున్నాను. మౌలాలికి ఆవల, వాతావరణ పరిశోధన కోసం పెద్ద పెద్ద బెలూన్లు వదిలే చోటు ఒకటి ఉంది. పల్చటి ప్లాస్టిక్ బెలూన్, దానికి వేలాడే తాడు, చివర యంత్రాల పెట్టె. మనకు తెల్లవారకముందే అంత ఎత్తున దానికి ఎండ తగులుతుంది. ఫోను చేస్తే, అవును, ఆ రోజు ఒకటి వదిలామన్నారు. ఆమె చెప్పినదాంట్లో ఒక్క మాట పొల్లు లేదు. నా పిల్లలు ల్యాబ్ రికార్డులో కూడా అంత చక్కగా రాయరు.

బ్యాంకు ఆఫీసరుగారిని బతిమాలి, నా తప్పు ఒప్పుకుంటూ ఇంకో వీడియో తీయించాను. అది వాకర్స్ గ్రూపు గడప కూడా దాటలేదు. తప్పు ఒప్పుకున్న ముసలి లెక్చరర్‌కు సంగీతం ఎవరు పెడతారు? "తెలిసింది గదా మేడమ్, పోనియ్యున్రి" అంది పూలామె. కానీ కూతురి చాప మాత్రం రోజూ పరిచే ఉంచేది.

ప్రసంగం రోజు వచ్చింది. ఆ అమ్మాయి క్లాసుకు స్వయంగా వెళ్లి అందరినీ రమ్మన్నాను. ఆమెను విడిగా పిలవలేదు, పిలిస్తే రాదని నా భయం. వచ్చింది, స్నేహితురాళ్ల మధ్య ఆఖరి వరసలో ముడుచుకుని కూర్చుంది. నేను ముందే పిలిచిన పూలామె పూలబుట్టతో సహా మొదటి వరసలో ఉంది. తల్లి వెనక్కి చూడలేదు, కూతురు ముందుకు చూడలేదు.

సాసర్ కథ చెప్పాను. చివరిదాకా వినకపోతే ఇలా ఉంటుందని ఈసారి వేలు నా వైపే చూపించుకున్నాను. శుక్రుడి సంగతి, మూఢం సంగతి, బెలూన్ సంగతి, అన్నీ చెప్పాను. హాలంతా నన్ను చూసి విరగబడి నవ్వింది. నవ్వనీ. అప్పుడు పూలామెను పైకి పిలిచి, ఏం చూసిందో చెప్పమన్నాను.

ఆమె మైకు ముందు నిలబడింది. కొంగు అంచు పట్టుకుని నలుపుతోందే గానీ, మొదలుపెట్టలేదు. ఎక్కడో ఎవరో 'ఏలియన్' అని గొణిగారు, కిసుక్కుమన్నారు. ఆమె బదులు నేనే చెప్పేద్దామని మైకు వైపు అడుగు వేశాను కూడా.

ఆఖరి వరసలో కుర్చీ కిర్రుమంది. ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"అమ్మా" అని గట్టిగా పిలిచింది. హాలంతా వెనక్కి తిరిగింది. "నాకు చెప్పు. గా పొద్దు నువ్వేం జూసినవ్?"

నేను మొదటిరోజే అడగాల్సిన ప్రశ్న అది. పూలామె కళ్లు తుడుచుకుంది. అంత పెద్ద హాల్లో ఇంకెవరూ లేనట్టు కూతుర్నే చూస్తూ, "ఉల్లిగడ్డ లెక్క ఉండె బిడ్డా..." అని మొదలుపెట్టి, చివరిదాకా చెప్పింది. మధ్యలో నేను ఒక్క మాట మాట్లాడలేదు.