వెనక కూర్చున్న నాయన

ఈ రోజు సాయంత్రం కోడుమూరులో మా అవ్వ పక్కన కూర్చుని టీవీ సీరియల్ చూశాను. పందొమ్మిది వందల యాభైల నాటి మన సీమ కథట. కూతురు గట్టిగా నవ్విందని బెత్తెడు మీసాల తండ్రి అన్నం కంచం విసిరికొట్టాడు. కరువు సీమలో అన్నం విసిరే నాయనా! నాకు ఒళ్లు మండింది.

“అవ్వా, అప్పట్లో నాయనలంతా ఇట్లనే ఉండిరా?” అని అడిగాను.

“మా నాయనా అరుస్తాండె, ఎద్దుల మీద. నన్ను ఒక్క మాట అనల్యా. కపిల తోలేటప్పుడు ఒళ్లో కూసోబెట్టుకుంటాండె.”

కపిల అంటే తోలు బానతో బావిలో నీళ్లు తోడటం. ఎద్దులు పల్లానికి దిగుతుంటే బాన పైకొస్తుంది. తోలేవాడు బిగిసిన మోకు మీద బరువుగా కూర్చుని వాటి వెంటే దిగుతాడు. ఆ తాడు మీద, ఆయన ఒళ్లో, చిన్నపిల్లగా మా అవ్వ!

“ఆయన చూడ్డానికి ఎట్లుంటాండె?”

“మొగం గుర్తులేదప్పా, నా చిన్నప్పుడే సచ్చిపాయె. ఫోటో గూడా లేదు. నా యెనకాల ఉంటాండె గదా.”

అంటూనే రెండు చేతులూ చాచి, లేని తాడును పట్టుకుని, తిరిగి చూడకుండా వెనక్కి ఒరిగింది. ఆమె కూర్చున్నది ఉత్త పీట, ఆనుకోవడానికి ఏమీ లేదు. పట్టుకోవాలని చెయ్యి చాపి ఆగిపోయాను. అవ్వ పడలేదు.

ఈ నాయన సీరియల్ వాళ్లకు పనికిరాడు, మొగమే కనబడదు కదా. మీ అవ్వల్ని కూడా అడిగి చూడండి, వాళ్ల వెనక ఎవరు కూర్చునేవారో.