స్పంజి పరుపు కుట్టు విప్పిన రోజు

నిన్న సోఫా బాగుచేసే అతను పాత గుడ్డ చింపగానే లోపలి స్పంజి పొడిపొడిగా రాలింది. ఆ వాసనకు తొంభైల్లోని మా సిద్దిపేట ఇల్లు గుర్తొచ్చింది. మీ ఇళ్లలోకి మొదటి స్పంజి పరుపు వచ్చిన రోజు మీకూ గుర్తుందా?

దుకాణంలో కొత్తదని చెబితే నమ్మి మా బాపు ఒకటి తెచ్చాడు. అమ్మకు మొదటినుంచీ అనుమానమే. "దూది లేని పరుపేంది?" అంటూ వాసన చూసింది. ఏటా మా పరుపుల్లోని దూది ఏకి కుట్టే ఖాసిం చాచా ఆ రోజే వచ్చి, అరచేత్తో నొక్కి చూశాడు.

"గిది కొత్త స్పంజి కాదు చెల్లె. ముక్కలతోటి చేసిన్రు."

"నీ పని పోతదని గట్లంటున్నవా భాయ్?" అంది అమ్మ. చాచా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

అయినా అమ్మ మనసు ఊరుకోలేదు. మర్నాడు కుట్టు విప్పింది. లోపల ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఒకచోట బస్సు సీటు రెగ్జిన్ పేలిక కూడా కనిపించింది. అమ్మ ముఖం చిన్నబోయింది. నన్ను వెంటబెట్టుకుని చాచా ఇంటికి నడిచింది.

"తప్పయింది భాయ్. గా పరుపు పారేయాల్నా?"

"ఎందుకు చెల్లె? కార్ఖానాల కోసినంక మిగిలిన ముక్కలు, పాత సీట్ల ముక్కలు కలిపి, జిగురేసి ఒత్తుతరు. గట్టిగుంటది, నడుముకు మంచిదే. కొత్తదని చెప్పి అమ్ముడే మోసం."

"మరి నడుముకు మంచిదేనని నిన్ననే చెప్పొద్దా?"

"చెప్పనిచ్చినవా చెల్లె?" అన్నాడు చాచా, మేం కూర్చోవడానికి చాప పరుస్తూ.